ఒక్క వెలుగులోనే కనబడేది

పరిశోధన చేసే రోజుల్లో ఓ సాయంత్రం ఎచ్చెర్లలో విజయనగరం బస్సెక్కి, ఒళ్లో లాప్‌టాప్ తెరిచాను. గామా కిరణాలు చిమ్మే ఒక వింత గెలాక్సీ ఏ రకానిదో తేలక సతమతమవుతున్నాను.

"ఏటి బాబూ అది?" పక్కన కూర్చున్న జాలరావిడ అడిగింది.

"చుక్కల గుంపమ్మా. మామూలు కంటికి కనబడదు. ఇంకో రకం వెలుగులో చూస్తే మండిపోతుంటుంది."

"ఒక్కదాన్లో కనబడితే ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే," అన్నాను తలెత్తకుండా.

ఆవిడ చేతి గాజులు తడుముకుంది.

"మా ఆయన ఏటకెల్తే తెప్పొక్కటే తిరిగొచ్చినాది. రేపు నా గాజులు తీసేత్తారు. పుట్టింటి కోక తెమ్మని మా అన్నకి సెప్పడానికెల్తన్నాను. కానీ బాబూ, పొద్దుగూకితే సముద్రం మీద ఆయన దీపం కనబడతాది. నాకొక్కదానికే."

ఒక్క వెలుగుని మేమూ నమ్మమని, రేడియోలో, ఎక్స్‌రేలో, మామూలు కాంతిలో కూడా అదే చోట చూసి, అన్నీ కలిస్తేనే ఫలానాదని అంటామని, లేకపోతే అది మరి దేనిదో కావచ్చని చెప్పాలి. అదంతా విడమర్చి చెప్పడానికి బద్ధకించాను.

"సదుకున్నోడివి, నువ్వే సెప్పినావు. ఇంక అన్నకాడికి ఎల్లక్కర్నేదు. ఈయేల తెప్పేసుకుని ఆ దీపం దగ్గరికెల్లి సూత్తాను," అంది. ఆ ముఖంలో అంత సంతోషం చూసి భయమేసింది.

రణస్థలంలో దిగి, వెనక్కి వెళ్లే బస్సు కోసం రోడ్డు దాటింది. మా బస్సు కదిలింది. ఆవిడది ఏ ఊరో కూడా నేను అడగలేదు.