ఎరుపు కుడికి, నీలం ఎడమకి

మా సార్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను నా క్లినిక్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్న తొమ్మిదవుతోంది. బల్ల మీద ఫోను వెలిగింది. చేసింది సార్ భార్య, నేను అమ్మగారని పిలిచే ఆవిడ. ఆ వేళప్పుడు ఆవిడ ఎప్పుడూ ఫోను చెయ్యరు. తియ్యకముందే తెలిసిపోయింది. "మీ సార్ వెళ్ళిపోయారమ్మా" అన్నారు, అంతే. తీసి ఒళ్ళో పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోంచి మెషీను కూత ఇంకా సన్నగా వస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి కూడా చెయ్యి రాలేదు.

ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం నేర్పింది ఆయనే. ఏలూరు పవర్‌పేటలో మేడమీద రెండు గదుల్లో వినికిడి పరీక్షలు చేసేవారు. పాతకాలం డిప్లొమా ఆయనది. చదువయ్యాక నేను రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వెళ్ళి ఆయన దగ్గర పనిచేసేదాన్ని. మా వృత్తిలో రిజిస్ట్రేషన్ రావాలంటే, అనుభవం ఉన్నవాళ్ళ దగ్గర ఇన్ని గంటలని పనిచేసి, లాగ్‌బుక్కులో ప్రతి గంటకీ సంతకం తెచ్చుకోవాలి. అది లేకపోతే ఎంత చదివినా సొంతంగా ఎవరి చెవినీ ముట్టుకోకూడదు.

ఆయన అందర్నీ మీరు అనేవారు. నన్నే కాదు, ఐదేళ్ళ పిల్లల్ని కూడా. "ఏవండీ, ఈ చెవిలో పిట్ట కూస్తుంది. ఎంత సన్నగా వినపడినా సరే, వేలెత్తుతారా?" అని అడిగితే ఆ పిల్లలు పెద్దమనుషుల్లా తలూపేవారు. మెషీనుకి బటన్ ఉంది, కానీ ఇచ్చేవారు కాదు. బటన్ నొక్కితే విన్నారని తెలుస్తుంది, వేలెత్తితే ఎంత విన్నారో తెలుస్తుంది అనేవారు. నిజమే. బాగా వినపడినవాళ్ళ వేలు టక్కున లేస్తుంది. ఉందో లేదో అన్నట్టు వినపడితే సగం లేచి, అనుమానంగా ఆగుతుంది. పక్కనున్న పట్టాల మీద రైలు వెళుతుంటే పరీక్ష ఆపేసేవారు. అది దాటేదాకా ఆయనా, పేషెంటూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఊరికే కూర్చునేవారు. ఫ్యాను కూడా ఉండదు. నాకేమో ఉక్కపోతకి ప్రాణం విసిగిపోయేది.

పొద్దున్నే తాళం తియ్యగానే ఆయన చేసే మొదటి పని, హెడ్‌ఫోన్లు తను పెట్టుకోవడం. ఎరుపు కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. ఒక్కో కూతా వేసి, ఏ వైపు వెయ్యాలో ఆ వైపే వస్తోందా, రావలసినంత వస్తోందా అని విని, రిజిస్టర్లో టిక్కు పెట్టేవారు. మనం విన్నాకే వాళ్ళకి వినిపించాలి అనేవారు. ఒకరోజు ఉన్నట్టుండి రిజిస్టరు నా ముందు పెట్టి, రేపట్నుంచి పొద్దున్న మీరు వినండమ్మా అన్నారు. పెద్దాయనకి బద్ధకం వచ్చిందనుకున్నాను. నా తెలివి అంతవరకే.

అప్పుడే రూల్స్ మారుతున్నాయి. నెలాఖరులోపు అప్లికేషన్ పెట్టుకుంటే పాత పద్ధతి. ఆ తర్వాతయితే ఇంకో ఏడాది గంటలు, పైన పరీక్ష. సంతకం చేసేవాళ్ళకీ పెద్ద డిగ్రీ ఉండాలి, డిప్లొమా చాలదు. నా లాగ్‌బుక్కు నిండడానికి రెండు వారాల పనే మిగిలింది. తాడేపల్లిగూడెంలో ఒక ఆసుపత్రి వాళ్ళు రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస.

ఒక సోమవారం హెడ్‌ఫోన్ల వైర్లు ఊడదీసి తుడిచి, మళ్ళీ గుచ్చాను. కలిదిండి రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. హడావిడిలో నేను వినలేదు. వినకుండానే టిక్కు పెట్టాను. మర్నాడూ అంతే. రెండు రోజుల్లో పదకొండు మందిని పరీక్ష చేశాను.

రెండో రోజు సాయంత్రం ఒక చెరువు కాపలాదారుకి వినికిడి మిషను పెడదామని కుడి చెవికి గులాబిరంగు ముద్దతో అచ్చు తీశాం. ఏళ్ళ తరబడి జనరేటరు పక్కన పడుకున్న మనిషి. అచ్చు గట్టిపడేలోపు సార్ ఆయనతో చెరువు కబుర్లు మొదలుపెట్టారు. అచ్చు తీసేశాక కూడా మాట్లాడుతూనే ఉన్నారు. నేను టైము చూసుకుంటున్నాను. సార్ ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఈయన ప్రతి మాటకీ కుడి చెవి మనవైపు తిప్పుతున్నారు. మీ కాగితంలో కుడి చెవే పోయిందని ఉంది. ఒకసారి చూడండమ్మా" అన్నారు. లేచి మెషీను వెనక్కి వెళ్ళి చూశాను. ఎరుపు వైరు నీలం చోట, నీలం వైరు ఎరుపు చోట ఉన్నాయి.

ఆయన కేకలెయ్యలేదు. రిజిస్టరు తెరిచి ఆ రెండు టిక్కుల వైపు కాసేపు చూసి, పొద్దున్న విన్నారా అమ్మా అని అడిగారు. లేదండీ అన్నాను. సరే, అందర్నీ మళ్ళీ చూద్దాం అన్నారు.

వాళ్ళని మళ్ళీ రమ్మనలేదు, మేమే వెళ్ళాం. చిన్న మెషీను ఒళ్ళో పెట్టుకుని బస్సుల్లో, ఆటోల్లో, చెరువు గట్ల మీద తిరిగాం. చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆపించి, జనరేటరు ఆపించి, ఆ నిశ్శబ్దంలో గబగబా పరీక్ష చేసేవాళ్ళం. కొల్లేటికోటలో గుడి మైకు ఓ పావుగంట ఆపమని బతిమాలుకున్నాం. ప్రతి ఇంట్లోనూ సార్ ఒకటే మాట, మా పొరపాటు వల్ల మీకు శ్రమ ఇచ్చామండీ అని. ఒక్కచోట కూడా నా పొరపాటని అనలేదు. పదకొండో మనిషి దొరికేసరికి నెలాఖరు వచ్చేసింది.

ఆ ఆఖరి రోజు లాగ్‌బుక్కు పట్టుకెళ్ళాను. మళ్ళీ చేసిన గంటలకి సంతకం పెట్టి, ఆ రెండు రోజుల గంటలూ కొట్టేశారు. తప్పు సరిదిద్దడానికి పట్టిన టైము వేరు, ఆ రెండు రోజులూ వేరు అన్నారు. సరిగ్గా ఆ రెండు రోజులే నాకు తక్కువయ్యాయి.

"అందర్నీ సరిచేశాం కదండీ. సంతకం పెడితే మీకేం పోతుంది?" అన్నాను.

"నాకేం పోదమ్మా. వైరు మారడం పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది. వినకుండా విన్నానని టిక్కు పెట్టారే, దాని కింద నేను సంతకం పెట్టలేను."

అప్పుడు నోరు జారాను. జారడమేంటి, కావాలనే అన్నాను. "కొత్త రూల్స్‌లో మీ డిప్లొమాకి విలువ లేదు కదా, అందుకే నాకూ రాకూడదని మీ కుళ్ళు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రైలు టైమవుతోంది, జాగ్రత్తగా వెళ్ళండమ్మా అన్నారు. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను, సిగ్గుతో కాదు, కోపంతో.

ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. కొత్త పద్ధతిలో మా ఊళ్ళోనే ఒక డాక్టరమ్మ దగ్గర ఏడాది పనిచేసి, పరీక్ష రాశాను. ఆ ఏడాదిలో ఒక్క పొద్దున్న కూడా వినకుండా టిక్కు పెట్టలేదు. మొదట పౌరుషంతో పెట్టుకున్నాను హెడ్‌ఫోన్లు, తర్వాత అలవాటయింది. రిజిస్ట్రేషన్ కాగితం రాగానే ఎవరో తోసినట్టు ఏలూరు రైలెక్కాను. సార్ ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చివరిదాకా చదివారు. అమ్మగారిని పిలిచి చూపించారు. ఆవిడ కాఫీ కలిపి తెచ్చారు. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. కాఫీ తాగాను, కబుర్లు చెప్పాను, అడగకుండా వచ్చేశాను.

తర్వాత నేను సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాక ఒకరోజు ఆయనే వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. నన్ను చూడండమ్మా అన్నారు. హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష మొదలుపెట్టాను. కుడి చెవికి, కాస్త పెంచితే వేలు లేస్తోంది. ఎడమకి, ఎంత పెంచినా ఆ వేలు మోకాలి మీంచి కదల్లేదు. ఎప్పట్నుంచండీ అని అడిగాను.

"మీరు నా దగ్గర ఉన్నప్పుడే మొదలైంది. నా చెవి మీద నాకు నమ్మకం పోయింది. అందుకే పొద్దున్న వినే పని మీకిచ్చాను. మీ చెవులు మంచివమ్మా."

బద్ధకమనుకున్నాను చూడండి. తన చెవి చోట నా చెవిని పెట్టుకున్న మనిషికి నేను వినకుండా టిక్కు పెట్టి ఇచ్చాను. అప్పుడైనా క్షమించమని అడగాలి కదా? కుడి చెవికి మిషను పెట్టి పంపించాను. ఎడమ చెవికి మిషను పెట్టినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు ఆసుపత్రికి వెళ్ళాను. జ్వరంతో మొదలై ఊపిరితిత్తుల దాకా వచ్చింది. మధ్యాహ్నం, చూడనిచ్చే వేళ. కళ్ళు మూసుకుని ఉన్నారు, మాట లేదు. చెవి మిషను తీసి డబ్బాలో పెట్టారని చెప్పి అమ్మగారు బయటికి వెళ్ళారు. మంచం పక్కన కుర్చీ ఉంటే కూర్చుని, చెవి దగ్గరికి వంగి, ఇన్నేళ్ళూ దిగమింగుకున్న మాట చెప్పేశాను. "సార్, ఆ రోజు మీరు సంతకం పెట్టకపోవడమే రైటండీ. నేనన్న మాట మహా పాపం. నన్ను క్షమించండి." ఆయనలో చలనం లేదు. పోనీలే, చెప్పాను కదా అని కళ్ళు తుడుచుకుని లేవబోయాను.

అప్పుడు చూసుకున్నాను. నేను కూర్చున్నది ఎడమవైపు. పనికిరాని చెవిలో చెప్పి, చెప్పేశానని టిక్కు పెట్టుకోబోయాను.

కుడివైపు గోడ, సెలైన్ స్టాండు, మనిషి పట్టేంత చోటు లేదు. మంచం చుట్టూ తిరిగి, స్టాండు జరిపి, గోడకి అంటుకుని నిలబడ్డాను. కారిడార్లో ఏదో బండి గడగడా తోసుకుపోతున్నారు. అది దాటేదాకా ఆగాను. అప్పుడు వంగి, కుడి చెవిలో, అదే మాట మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను.

దుప్పటి మీద ఆయన చూపుడు వేలు కదిలింది. టక్కున కాదు. ఉందో లేదో అన్నంత సన్నటి కూతకి ఎత్తినట్టు సగం లేచి, కాసేపు అలాగే నిలబడింది.