కిందపడ్డ పాచిక చెల్లదు

మొన్న పీణ్యలో మెట్రో ఎక్కాను. ఎదురుగా ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. "నిన్న టీపీకే అయిపోయిందిరా మగా, హీలర్ లేడు గదా" అన్నాడు ఒకడు, రెండోవాడు పగలబడి నవ్వాడు. ఆ పెట్టెలో ఆ మాట అర్థమైన పెద్దదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఆటలో జట్టంతా ఒకేసారి చచ్చిపోతే దాన్ని టీపీకే అంటారు. పదో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా మా పేట గ్రంథాలయం బెంచీ మీద నేనే చదువుకున్నదాన్ని. నాకు తెలిసిన మాట ఎవరి నోట విన్నా గర్వం ఆగదు. మొన్న మాత్రం దిగాల్సిన స్టేషన్‌కి ముందే దిగిపోయాను.

ఆ మాటలు తమ్ముడి కోసం నేర్చుకున్నాను. కుందలహళ్ళిలో ఉద్యోగం పోయాక వాణ్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. ముప్పై నాలుగేళ్లవాడు, అన్నం కలిపి పెడితే కంచం వంకే చూస్తూ కూర్చునేవాడు. ఒంటరిగా వదలొద్దని డాక్టరు చెప్పారు. నేను స్నానానికి వెళ్లినా తలుపు గడియ పెట్టేదాన్ని కాదు. వాడు కదిలేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. పాత ఆఫీసు స్నేహితులు నలుగురు కుందలహళ్ళిలో ఒక టిఫిన్ హోటల్ మేడమీద చేరి ఆడే ఆట అది. కాగితాలు, పాచికలు, నోటిమాట, అంతే. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. తమ్ముడిది గాయాలు మాన్పే వైద్యుడి పాత్ర, వాళ్ల మాటలో హీలర్. వారమంతా మూగగా ఉన్నవాడు అక్కడ "భయపడొద్దండప్పా, నేనుండాను గదా" అనేవాడు. ఆ ఒక్క మాట వినడానికి రెండు బస్సులు మారి వాడి వెంట వెళ్లేదాన్ని.

హెచ్‌పీ అంటే ఒంట్లో మిగిలిన ప్రాణం. కనబడినవాణ్నల్లా నరుక్కుంటూ పోయే ఆటగాడు మర్డర్‌హోబో. ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడితే నాట్ ట్వంటీ, ఇక తిరుగులేదని. అప్పుడు వేసే కేకకి కింద దోసెలు పోసే ఆయన పైకి చూసేవాడు. ఇవేవీ మా గ్రంథాలయంలో దొరకలేదు. అందుకని వాళ్ల నియమాల పుస్తకమే అడిగి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని వారంలో చదివేశాను. అట్ట లోపల వాళ్లు పెన్సిలుతో రాసుకున్న సొంత కట్టుబాట్లు కూడా వదల్లేదు. "ఆంటీ, మాకే ఇన్ని తెలీవు" అంది కథ నడిపే అమ్మాయి. పొంగిపోయాను.

ఒక ఆదివారం తమ్ముడి పాత్ర హెచ్‌పీ సున్నాకి వచ్చింది. అలాంటప్పుడు పాచిక వేయాలి. పది, ఆపైన పడితే బతుకువైపు, తక్కువైతే చావువైపు. ఏది ముందు మూడైతే అది. వాడికి రెండువైపులా రెండేసి అయ్యాయి. చివరిది వేస్తే పాచిక దొర్లి బల్ల కింద పడింది. పధ్నాలుగు. అందరూ ఊపిరి వదిలారు.

నేనే అన్నాను, "కిందపడితే చెల్లదని మీరే రాసుకున్నారు కదా. మళ్లీ వేయాలి."

"సుమ్మనుండండి, ఊరుకోండి ఆంటీ! ఎక్కడ దొరికారు మాకీ రూల్స్ లాయరు" అంది ఆ అమ్మాయి. పట్టుబట్టి నియమాలు వల్లించేవాళ్లను అలా వెక్కిరిస్తారు. నేను దాన్ని బిరుదులా తీసుకుని, అట్ట తెరిచి చూపించాను కూడా.

"అక్క చెప్పింది కరెక్టే" అని తమ్ముడు మళ్లీ వేశాడు. ఆరు పడింది. వాడు తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తరువాతి ఆదివారం చాప మీంచి లేవలేదు. "టైమైందిరా" అన్నాను. "చచ్చిపోయినోడు పోయి ఏం చేస్తాడక్కా" అని గోడవైపు తిరిగాడు. ఆ తరువాత ఏడు రోజులు ఆ నోట మాట లేదు. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న మనోవ్యాధుల పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం కూడా తలకెక్కలేదు. మళ్లీ ఆదివారం రాగానే, పక్కింటామెను వాడి దగ్గర కూర్చోబెట్టి ఒక్కదాన్నే కుందలహళ్ళి వెళ్లి, ఆ నలుగురి ముందు చేతులు జోడించాను. "తప్పు నాది. ఆ పధ్నాలుగు చెల్లిందని వచ్చి చెప్పండమ్మా."

"ఇప్పుడు చెప్తే వాడే ఒప్పుకోడు ఆంటీ" అంది ఆ అమ్మాయి, పాచికలు సంచిలో వేసుకుంటూ. "పదండి, మీ ఇంట్లోనే ఆడదాం. మీరూ ఆడాల."

వాడి చాప పక్కనే నేలమీద కాగితాలు పరిచారు. నాకు మంత్రగత్తె పాత్ర ఇచ్చారు. నియమాలన్నీ తెలుసు కానీ ఆడటం రాదు. నేరుగా రాక్షసుడి ముందుకి వెళ్లి నిలబడ్డాను. దెబ్బ పడింది. "ఇంకా ముందుకేనా ఆంటీ?" అని అడిగింది ఆ అమ్మాయి. "ముందుకే" అన్నాను, వాడి వీపునే చూస్తూ. ఇంకో దెబ్బ. మళ్లీ పాచిక అందుకున్నాను.

"వెనక్కి రాక్కా." గోడవైపు నుంచి, బొంగురుగా. "మూడే హెచ్‌పీ ఉండాది నీకు."

ఎవరూ అటు చూడలేదు. నేను వెనక్కి వచ్చాను.

ఆ రోజు వాడు ఇటు తిరగలేదు. లేచి కూర్చోవడానికి ఇంకా రెండు ఆదివారాలు, కొత్త పాత్రకి కాగితం రాసుకోవడానికి వర్షాకాలమంతా పట్టింది. అప్పుడు ఒక్కొక్క పూట నా మీదుగా ఏడాదిలా నడిచి వెళ్లేది. ఇప్పుడు చెప్పబోతే అంత కాలమూ రెండు వాక్యాల్లో అయిపోతోంది.