పన్నెండో మెట్టు

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం, శాలిబండలో బస్సెక్కిన ఒకాయన నా పక్కన కూర్చుని, ఒళ్లో ఉన్న నా బేస్ గిటార్‌నే చూడసాగాడు. నేను దాని మెడను గట్టిగా పట్టుకున్నాను.

“మంచిగ పలుకుతదా తమ్మీ?” అన్నాడు.

వట్టి తీగ శ్రుతిలోనే ఉంటుందనీ, పై మెట్ల మీద నొక్కితే స్వరం తప్పుతుందనీ ముక్తసరిగా చెప్పాను.

“పన్నెండో మెట్టు మీద నొక్కి కొట్టు,” అంటూ గిటార్ చెక్కకు చెవి ఆనించాడు. బస్సు రొదలో నాకేమీ వినిపించలేదు. “స్వరం పైకి పోతున్నది. తీగ జరంత పొడుగు చేయాలె,” అని జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు.

జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరిగే మనిషిని ఎలా నమ్మడం? గిటార్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

“నువ్వే పట్టుకో. నేను స్క్రూ తిప్పుత, అంతే.”

నాలుగు తీగల చివర్న ఉన్న స్క్రూలనూ చెవితో వింటూ ఒక్కొక్కటే తిప్పి, చాంద్రాయణగుట్టలో దిగిపోయాడు. వెంటనే నేను స్క్రూలన్నీ వేలితో తడిమి లెక్కపెట్టుకున్నాను. తలెత్తితే కిటికీ కింద ఆయనే.

“అన్నీ ఉన్నయా తమ్మీ?” అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు.

ఇంటికెళ్లి వాయిస్తే ప్రతి మెట్టూ శ్రుతిలో పలికింది. ఇప్పుడు ఎవరి గిటార్ బాగుచేసినా, వాళ్ల ఒళ్లోనే ఉంచి చేస్తాను.