కాళ్లు చూసే పని

నవంబరులో లడఖ్ పోస్టుకు చేరాం. ఎనిమిది మందిమి. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. రాళ్లు పేర్చి, ఇసుక బస్తాలు వేసిన ఒక బంకరు. మధ్యాహ్నం రెండింటికే డబ్బాలో నీళ్లు గడ్డకట్టాయి. మనిషికి రెండు జతల ఉన్ని మేజోళ్లు, ఒక జత బూట్లు.

మర్నాడు పొద్దున ఆరింటికి అందరి బూట్లూ విప్పించాను. నన్నెవరూ ఆ పని చెయ్యమనలేదు. పర్చూరు దగ్గర మా ఊరి బడిలో మాస్టారు రోజూ చేసిన పనే అది. మిరపచేలకు అడ్డంపడి వచ్చే పిల్లలం, ఒక్కరికీ చెప్పుల్లేవు. దారంతా తుమ్మముళ్లు. ప్రార్థన కాగానే ఆయన అరుగు మీద కూర్చుని, ఎవరి పిల్లాడని చూడకుండా పాదం ఒళ్లో పెట్టుకుని, సూదితో ముల్లు తీశాకే పలక పట్టనిచ్చేవారు.

"గుంటూరు డాక్టరొచ్చాడు, కాళ్లు చాపండి!" అని బంకరంతా ఏడిపించేది. నేను వదల్లేదు. చలికి తెల్లబడిన కాలివేళ్లు కనిపిస్తే నా చంకలో పెట్టుకుని వేడెక్కించేవాణ్ణి.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది మంగళగిరి, మగ్గాల ఇల్లు. జనవరిలో రెండు రోజులు తప్పించుకున్నాడు. "నాకేం కాలేదన్నా. సెట్టు వదిలి లేవకూడదు." మూడో రోజు బలవంతంగా విప్పాను. మూడు వేళ్లు నల్లబడ్డాయి.

కింది పోస్టుకు వాడే కబురు చెప్పాడు. "ఒక మనిషిని దింపాలి. నడవలేడు." తనేనని చెప్పలేదు. సెట్టు కట్టేసి నా వైపు తిరిగాడు. "మగ్గం తొక్కాలి కదన్నా" అన్నాడు. ఆ రెండు రోజులు ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మార్చిలో మిగతా ఏడుగురం మా కాళ్ల మీదే కిందికి దిగాం. ఆ మాట మాస్టారికి చెప్పాలని నా ఆరాటం. సెలవు దొరకగానే వాళ్లింటికి వెళ్లాను.

కల్లాల్లో మిరపకాయల ఘాటుకు ఊరంతా తుమ్ముతోంది. మాస్టారు మంచం మీద ఉన్నారు. చక్కెర జబ్బు. కుడికాలికి పాత పంచె గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైందండీ?"

"చిన్న ముల్లేరా. గుచ్చుకున్నట్టే తెలీలేదు."

"ఎవరికీ చూపించలేదా మాస్టారండీ?"

"ఈ మాత్రానికి ఎవర్ని పిలుస్తాం?"

మంచం పక్కన కూర్చుని పాదం ఒళ్లోకి తీసుకున్నాను. గుడ్డ విప్పాను. బంకరులో చూసిన నలుపే. మడమ దాకా పాకింది.

"అక్కడ చలి ఎట్లా ఉండేదిరా?" అని అడిగారు.

చెప్పడానికి అంతకన్నా మంచి అదను లేదు. ఆ పాదం చేతిలో ఉండగా చెప్పబుద్ధి కాలేదు. "మామూలేనండి" అన్నాను. నెల తిరక్కుండానే ఆయన పోయారు. ఏడుగురు నడిచి దిగిన సంగతి ఆయనకు తెలియనే లేదు.

ఆ రోజు మాత్రం "వద్దురా, వాసనొస్తుంది" అంటూ, నా ఒళ్లోంచి ఆ పాదాన్ని వెనక్కి లాక్కోవాలని చూశారు. లాక్కునే సత్తువ లేక, సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకున్నారు.