ఒట్టు మీద కొన్న బండి

చొప్పదండి హనుమండ్లుకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. చాయ్ తాగితే పాలల్లో నీళ్లెన్ని పోశారో ఆలోచిస్తాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అని అనుమానపడతాడు. అలాంటి మనిషికి పాత బండి కొనాల్సిన గతి పట్టింది. ఇక ఆ సంబడం ఏమని చెప్పేది!

చుట్టుపక్కల ఊళ్ల కూరగాయలను తెల్లారేసరికి కరీంనగర్ మార్కెట్‌కు చేర్చి బతుకుతున్నాడు వాడు. ఆ వానాకాలం చివర్లో వాడి పికప్ ఇంజన్ పట్టేసి మూలన పడింది. కోసిన టమాటా ఎవరి కోసమూ ఆగదు. ఇంకొకడు వచ్చి రెండుసార్లు లోడు ఎత్తుకుపోయాడంటే ఆ రైతు మళ్లీ హనుమండ్లు మొహం చూడడు. దసరాలోపు గట్టి బండి దొరకకపోతే ఇంటిల్లిపాదీ పస్తులే.

మెకానిక్ కైలాసం షెడ్డు ముందు రోజూ ఇదే పంచాయితీ.

"పాత బొలెరో పికప్పు చూడు. సెన్సార్లు లేని కాలంది. యాడ ఆగినా పానా పట్టుకుంటె అక్కడనే లేస్తది" అన్నాడు కైలాసం.

"బొలెరో మంచిదే, ఎవలు గాదన్నరు? గని మన సందులకు చోటా హాథీ అసొంటి చిన్న బండి ఉండాలె" అన్నాడు కొమురెల్లి. వాడూ లోడు బండి తోలేవాడే. "తాగేది తక్కువ, మోసేది ఎక్కువ. నా బండి ఇంజన్ ఇప్పటిదాక ఇప్పనే లే."

"ఇప్పకపోతె లోపల ఏమున్నదో నీకెట్ల ఎరుక?" అన్నాడు హనుమండ్లు.

కొమురెల్లి మొహం మాడ్చుకున్నాడు. హనుమండ్లు ఆగలేదు. "కంపెనీ ముచ్చట గాదు, అమ్మేటోని ముచ్చట చెప్పుండ్రి. బండి గంత మంచిదైతె వాడు ఎందుకమ్ముతుండు?"

చూసిన ప్రతి బండి దగ్గరా వాడిది ఇదే ప్రశ్న. అందుకే ఎన్ని బండ్లు చూసినా వాడికి ఒక్కటీ నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే ఖానాపూర్ నుంచి బావ రాజం ఫోన్ చేశాడు. రాజం భార్య వినోద హనుమండ్లుకు సొంత అక్క. "బామ్మర్దీ, నేను దుబాయ్ పోతున్న. బండి ఇంటికాడ ఉత్తగనే ఉంటది. వచ్చి తీసుకపో" అన్నాడు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. హనుమండ్లుకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. వచ్చి తీసుకపో అన్నాడు, ధర మాట ఎత్తలేదు. ఇందులో ఏదో మతలబు ఉంది!

మర్నాడే కైలాసాన్ని వెంటబెట్టుకుని ఖానాపూర్ వెళ్లాడు. వాకిట్లో పాత బొలెరో పికప్ ఉంది. కైలాసం స్టార్ట్ చేసి, చెవి పెట్టి విని, కిందికి దూరి చూసి, "కళ్లు మూసుకొని తీస్కో" అన్నాడు. కళ్లు మూసుకొమ్మంటే హనుమండ్లు మూసుకునే రకమా? బానెట్ ఎత్తాడు. ఇంజన్ కడిగిన గిన్నెలా మెరుస్తోంది. ఆయిల్ కారే బండినే అమ్మే ముందు కడుగుతారని వాడికి తెలుసు. కాళ్ల దగ్గర చూశాడు. బ్రేకు పెడలుకూ క్లచ్చి పెడలుకూ కొత్త రబ్బర్లు వేసి ఉన్నాయి. బండి ఎంత తిరిగిందో మీటరు అబద్ధం చెప్పినా అరిగిన రబ్బర్లు నిజం చెబుతాయి. మరి వాటినే మార్చేశారంటే?

బావను నోరు విప్పి అడిగినా సరిపోయేది. వాడు అడగలేదు. బండి వెనకాల ఎక్కి ఆడుకుంటున్న మేనకోడలు స్నిగ్ధను చంకన ఎత్తుకొచ్చి బావ ముందు నిలబెట్టాడు.

"బావా, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. బండ్ల ఏం లోపం లేదను, తీస్కపోత."

ఆ ఊళ్లలో బర్రె బేరం నుంచి గట్టు తగాదా దాకా ఆఖరి మాట అదే. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఆ పాపం బిడ్డకే కొడుతుందని నమ్మకం. చాయ్ గ్లాసులు తెస్తున్న వినోద గడపలోనే ఆగిపోయింది. రాజం రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"బండి ఇనుముదిరా. ఇయ్యాల మంచిగుంటది, రేపు ఎట్లుంటదో ఎవలకెరుక. ఇనుముకు నా బిడ్డను జామీను పెట్ట."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే తోచింది హనుమండ్లుకు. "సమజైంది తియ్యి" అన్నాడు. "తమ్మీ, అన్నమన్న తిని పో" అని అక్క వెనకాల పిలుస్తున్నా తిరిగి చూడకుండా బస్సెక్కాడు.

ఆ వారంలోనే పెద్దపల్లిలో ముక్కూ మొహం తెలియని ఒకడి దగ్గర బండి చూశాడు. అది ఏ కంపెనీదో చెప్పి వాళ్ల ఉసురు నేనెందుకు పోసుకోవాలి? ఒట్టు అడగగానే ఆ మనిషి ఇంట్లోంచి కొడుకును రెక్క పట్టుకుని తెచ్చి, నెత్తి మీద అరచెయ్యి ఆనించి, గడగడా చెప్పేశాడు. కైలాసం చొక్కా విప్పి బండి కిందికి దూరబోతే హనుమండ్లే ఆపాడు. "కన్నకొడుకు మీద ఒట్టు పెట్టినంక ఇంక చూసుడేంది?" పుట్టి బుద్ధెరిగాక వాడు మనిషిని నమ్మింది ఆ ఒక్కసారే.

బండి కొని తోలుకొస్తూ దారిలోనే అక్కకు ఫోన్ కొట్టాడు. "పరాయోడు కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టిండక్కా. నా సొంత బావకు చెయ్యి రాలే." అవతల స్నిగ్ధ 'ఏ పిలగాడమ్మా?' అని అడుగుతుండగానే వినోద ఫోన్ పెట్టేసింది.

దసరాకు ముందే, నిండా టమాటా లోడుతో, గంగాధర ఊరు దాటాక ఆ బండి నడుం విరిగి కూలబడింది. ఛాసిస్‌కు వెల్డింగు అతుకులు వేసి పైన రంగు పూశారు. కిందికి దూరి గోరుతో గీకితే తెలిసిపోయేదని కైలాసం అన్నాడు. రోడ్డు పక్కన పారిన టమాటా చూసి హనుమండ్లుకు ఏడుపొచ్చింది.

సిగ్గు చంపుకుని మళ్లీ ఖానాపూర్ వెళ్లాడు. రాజం అప్పటికే విమానం ఎక్కేశాడు. వాకిట్లో బండి అలాగే ఉంది. వినోద తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. హనుమండ్లు బండి వైపు పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"అక్కా, గా రబ్బర్లు ఎందుకు మార్చిండు బావ?"

"నువ్వు చెప్పులతోనే బండి నడుపుతవు గదా. పాతయి అరిగినయి, కాలు జారుతదని ఏపిచ్చిండు. ఇంజన్ నేనే కడిగిపిచ్చిన. తమ్మునికిచ్చే బండి మన్నుతోని ఇస్తమా?"

హనుమండ్లు అరుగు మీద కూలబడ్డాడు. ఇంత ప్రేమను పట్టుకుని దొంగలెక్క చూశానే అని కుమిలిపోయాడు. స్నిగ్ధ అప్పుడే బడి నుంచి వచ్చింది. దాని మొహం చూడగానే కాస్త ప్రాణం లేచొచ్చింది.

"దా బిడ్డా, బండ్ల తిప్పుకస్త" అని తల నిమరడానికి చెయ్యి చాచాడు.

పిల్ల చప్పున రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని అడుగు వెనక్కి వేసింది.

"మామా, నీ బండి ఇరిగిపోయిందట గదా?"

"ఔ బిడ్డా."

"మరి గా పిలగాడు బతికే ఉన్నడా?"

ఇంజన్ను, రబ్బర్లను, సొంత బావను కూడా అనుమానించిన హనుమండ్లుకు ఆ పిల్లవాడి సంగతి ఒక్కనాడూ మనసుకు రాలేదు. వాడి పేరేమిటో కూడా అడగలేదు.

"తెల్వదు బిడ్డా" అన్నాడు.

స్నిగ్ధ నెత్తి మీది నుంచి చేతులు తీయలేదు.