ఎదురంగడి బిందె

మద్రాసు తొండియార్‌పేటలో మా మేనమామకు ఇత్తడి పాత్రల అంగడి ఉండేది. పందొమ్మిది వందల యాభైల్లో నేను బేరం నేర్చుకున్నది అక్కడే. వెల వినగానే మొహం చిట్లించడం, లేచి వెళ్లినవాళ్లను వీధి మలుపు దాకా పోనిచ్చి పిలవడం, ఊరికే వచ్చే సరుకును నమ్మకపోవడం: ఇదే నా చదువు.

ఆ ఏడు మా ఎదురుగా ఇంకో పాత్రల అంగడి వెలిసింది. యజమాని నెల్లూరు వైపు క్రైస్తవుడు, మెత్తని మనిషి. ఆయన బిందెలకు అడుగున అతుకులున్నాయని, నాలుగు నాళ్లకే కారతాయని మామ వచ్చిన ఆడవాళ్లందరి చెవినా వేశాడు. అరవం వాళ్లు శుభకార్యాలు పెట్టుకోని ఆడి మాసానికి ఆ అంగట్లో ఈగలే మిగిలాయి. ఆ తర్వాతి ఆవణి నెల పెళ్లిళ్లకు కూడా అమ్మకం లేకపోతే ఆయన మూసేసి ఊరికి పోతాడని వీధంతా అనుకుంది.

ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి నేరుగా మా అంగడికి వచ్చాడు.

“అన్నా, నువ్వు చెప్పతా ఉండేది నాకు తెలుసు. నిన్ను క్షమించేసినా,” అని, తిరిగి వెళ్లిపోయాడు.

మామకు ఆ పూట అన్నం సయించలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. అడగకుండా ఇచ్చాడంటే రేపు దేనికో గాలం వేస్తాడని ఆయన అనుమానం. ఆ లెక్క ఏదో తేల్చుకు రమ్మని, ఇంట్లోకెల్లా బేరగాణ్ణని నన్ను వాళ్ల పాస్టరుగారి దగ్గరికి పంపాడు.

పాస్టరు తన ఇంటి ముందు సైకిల్ చెయిను బిగిస్తున్నాడు. మామ పశ్చాత్తాపపడటానికి సిద్ధమని, ఏం సమర్పించుకోమంటారని అడిగాను. చర్చికి పెద్ద గంట ఇస్తామన్నాను, దాతగా మామ పేరు చెక్కించి. ఆయన నవ్వాడు. క్షమాపణ మామకు అప్పుడే అందిందట, దానికి వెల లేదట. పశ్చాత్తాపమంటే తప్పుదోవన పోతున్న మనిషి ఆగి, వెనక్కి తిరిగి నడవడమట.

“ఎందాకా నడవాల సామీ?”

“అబద్ధం చెప్పిన చోటి దాకా.”

నేను బేరానికి దిగాను. ఇంట్లో కూర్చుని ఏడిస్తే? శుక్రవారాలు ఉపవాసముంటే? పోనీ, విన్నవాళ్లలో సగం మందికి నిజం చెబితే?

“సగం తిరిగినోడికి గోడే కనపడతాదబ్బా,” అని ఆయన చెయినుకు నూనె పోసుకున్నాడు.

నా జీవితంలో తగ్గింపు లేకుండా ముగిసిన మొదటి బేరం అది. విని మామ ఒక ఉపాయం పన్నాడు. ఎదురంగట్లో ఒక బిందె కొని, నీళ్లు నింపి, దాహానికి వచ్చేవాళ్ల కోసం మా గుమ్మంలో పెట్టించాడు. కారకపోవడం అందరూ చూస్తారు, నోరు మెదిపే పని లేదు. నాలుక కదలని పశ్చాత్తాపమని నేనూ మెచ్చుకున్నాను.

బిందె చుక్క కారలేదు. నీళ్లు తాగినవాళ్లంతా అది మా సరుకే అనుకున్నారు. మా అమ్మకం పెరిగింది. మామ మొహం మాత్రం రోజురోజుకీ చిన్నబోయింది.

ఆవణిలో ఒక పెళ్లికూతురి తల్లి బంధువులతో వచ్చింది. నీళ్లు తాగి, బిందెను వేలితో కొట్టి చూసి, సరిగ్గా ఇలాంటివే ఇమ్మంది. ఎదుటివాడి కారే బిందెలు తమకొద్దంది. మామ నా వైపు చూశాడు. ఊరుకోమని కన్ను గీటాను.

“అమ్మా, ఇది ఆ అంగడి బిందే. కారతాదని పుట్టించింది నేను. అబద్ధం,” అన్నాడు మామ.

ఆమె గ్లాసు కింద పెట్టింది. “అట్టయితే నీ సరుకు గురించి నువ్వు చెప్పేది మాత్రం ఎట్ట నమ్మేది?”

అందరూ లేచి ఎదురంగడికి నడిచారు. అలవాటు కొద్దీ పిలవబోయాను. మామ నా చొక్కా పట్టుకుని లాగాడు.

వాళ్లు అక్కడ బిందెలు ఏరుకుంటుంటే చూస్తూ ఆయన ఆ బిందెలోంచే ఒక గ్లాసు నీళ్లు తాగాడు. “తక్కినోళ్లకి కూడా చెప్పాల గదరా,” అన్నాడు.

దూరం పేటల నుంచి వచ్చినవాళ్లను వదిలేయొచ్చేమో అని నేను చిన్న తగ్గింపు అడిగి చూశాను. మామ ఇవ్వలేదు.