ఏరు దాటని ఉడత

మంగయ్యకు ఉడతలు పట్టడం ఎవరూ నేర్పలేదు. ఇల్లెందు గనుల్లో ఇరవై ఆరేళ్ళు బొగ్గెత్తిన మనిషి. నడుం దెబ్బతిని డాక్టర్లు అన్‌ఫిట్ రాశాక, పెళ్ళాం పుట్టిన ఊరు కదా అని గోదావరి ఒడ్డున ఈ ఊరికొచ్చి పడ్డాడు. సారపాక పక్కనే ఊరు. బ్రిడ్జి దాటితే భద్రాచలం. వచ్చిన రెండో ఏడే పెళ్ళాం బతుకమ్మ కామెర్లతో పోయింది. పిల్లల్లేరు. బామ్మర్దులు పెద్దకర్మ దాకా ఉండి, భోజనాలు చేసి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఊరేమో ఆయనది కాదు, పోదామంటే ఇంకో ఊరు లేదు. రైసుమిల్లు వెనక కిరాయి గదిలో ఒక్కడే మిగిలిపోయాడు.

గనిలో ఉన్నన్నాళ్ళూ చుట్టూ పదిమంది ఉండేవాళ్ళు. చీకట్లో మొహాలు కనపడకపోయినా మాటలు వినపడేవి. ఒకడు బూతులు తిట్టేవాడు, ఒకడు పాట అందుకునేవాడు, ఒకడు పక్కవాడి టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. ఇక్కడ వెలుతురుకు కొదవ లేదు గాని పలకరించే నోరే కరువైంది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒక్క మాటా మాట్లాడని రోజులుండేవంటే నమ్మండి. అలాంటి రోజుల్లో కిరాణాకొట్టుకు పోయి, అవసరం లేకపోయినా అగ్గిపెట్టె అడిగేవాడు. కొట్టువాడు తలెత్తకుండా అగ్గిపెట్టె బల్లమీదికి తోసేవాడు. గూట్లో పదకొండు అగ్గిపెట్టెలు పోగయ్యాక, తనమీద తనకే అసహ్యం వేసి మానేశాడు.

ఎనభై ఆరులో వచ్చిన వరదల తర్వాత జనం పల్లం వదిలేసి మెరకమీద పెంకుటిళ్ళు కట్టుకున్నారు. చుట్టూ మామిడితోటలు, చింతచెట్లు. ఇక ఉడతలకు ఏం కావాలి? పెంకుల సందుల్లోంచి దూరి, అటకమీద కాపురాలు పెట్టాయి. పరుపుల్లో దూది పీకేవి, దేవుడి గూట్లో వత్తులు ఎత్తుకుపోయేవి, ఎండబెట్టిన వడియాలు కొరికి పారేసేవి. ఎలుకైతే మందుపెట్టి చంపుతారు. ఉడతను చంపే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవడికుంది? రాముడు వేళ్ళతో నిమిరిన వీపాయె! ఆ రాముడేమో ఏటి అవతలే కూర్చుని చూస్తుండె!

అందుకని ఆ ఊళ్ళో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఉడతను ప్రాణంతో పట్టాలి, ఏరు దాటించి భద్రాచలం ఒడ్డున వదలాలి, ఆ ఒడ్డున ముంచిన నీళ్ళు చెంబుతో తెచ్చి ఇంటి చూరుకింద చల్లాలి. అప్పుడే ఆ ఉడత మళ్ళీ ఇంటిమొహం చూడదట. నీళ్ళు తేకపోతే పని అయినట్టు లెక్క కాదు. ఆ నీళ్ళల్లో ఏముందో నాకైతే తెలియదు గాని, ఇంటివాళ్ళకు మాత్రం అది చల్లితే గాని నిద్రపట్టేది కాదు.

పోయిన పెళ్ళాం చీరల మూటను ఉడత కొరుకుతోందని మంగయ్య పాత ఇనపతీగల జాలీతో ఒక బోను చేసుకున్నాడు. లోపల ఎండుకొబ్బరి ముక్క, తగిలితే ఠక్కున పడే తలుపు. అది చూసి పక్కింటివాళ్ళు పిలిచారు, తర్వాత ఎదురువాడ వాళ్ళు పిలిచారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఉడతల మంగయ్య అయ్యాడు. పిలుస్తున్నారు గదా అని ఆయన సంబరపడ్డాడు పాపం. కాని ఏ ఇంట్లోనూ కూర్చోమన్నవాళ్ళు లేరు. బోను ఆ గోడపక్కన పెట్టు, చెంబు ఇక్కడ పెట్టు, ఇదిగో ఈ పచ్చడి పట్టుకుపో అనేవాళ్ళు. నీళ్ళు చల్లడం అయిందంటే తలుపులు మూసుకునేవాళ్ళు.

ఒక్క భారతమ్మ ఇల్లే వేరు.

భారతమ్మా ఆమె భర్త వెంకటప్పయ్యా ముప్ఫై ఏళ్ళ కిందట కృష్ణాజిల్లా నుంచి వచ్చి, ఇక్కడ పొలం కొని పొగాకు వేసినవాళ్ళు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పొలం కౌలుకిచ్చి ఆమె ఒక్కతే ఉంటోంది. అంట్లు తోమి, ఇల్లూడ్చి, నీళ్ళు తోడిపోయే ముత్తక్క తప్ప ఆ గేటు తీసేవాళ్ళు లేరు. మొదటిసారి మంగయ్య బోనుతో వెళ్ళినప్పుడు, భారతమ్మ అరుగుమీద పీట వేయించింది. స్టీలుగ్లాసులో టీ ఇచ్చి, తను గడప దగ్గర కూర్చుని, నీ పేరేమిటి, మీది ఏ ఊరు, గనిలో నిజంగా పగలూ రాత్రీ తెలియదా అని ఒకటే అడగడం. మంగయ్య నోరు విప్పాడు. విప్పినవాడు రెండు గంటలు మూయలేదు. ఏడాదిగా లోపల పేరుకుపోయిన మాటలన్నీ ఆ పీటమీద కుమ్మరించాడు. బతుకమ్మ చివరి రోజుల్లో దవాఖానాలో చెయ్యి పట్టుకుని వదలలేదని చెబుతూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. భారతమ్మ తొందర పెట్టలేదు. టీ చల్లారిందని ఇంకో గ్లాసు తెప్పించింది.

ఆ సాయంత్రమే ఉడత పడింది. తోక సగమే ఉన్న ఆడ ఉడత. బోనును సైకిలుకు కట్టుకుని బ్రిడ్జి మొదట్లో దిగాడు మంగయ్య. అవతలికి పోతే అరగంట పని. కాని కాలు కదలలేదు. ఇది ఏరు దాటిందంటే ఆ ఇంట్లో పని అయిపోయినట్టే. ఇంకో ఉడత ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో! అంతసేపు బ్రిడ్జిమీద లారీలు పోతూ వస్తూ ఉన్నాయి. మంగయ్య సైకిలు వెనక్కి తిప్పాడు. ఊరి పొలిమేర మామిడితోటలో బోను తలుపెత్తాడు. సగంతోకది తుర్రున చెట్టెక్కింది. మిల్లు దగ్గర బోరింగు కొట్టి చెంబు నింపుకున్నాడు.

మర్నాడు ఆ నీళ్ళను భారతమ్మ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. మంగయ్యకు నేల చీలితే బాగుండుననిపించింది. అయినా నోరు మెదపలేదు. ఉడత దూరిన పెంకుసందును సున్నంతో పూడ్చమని ఆమె అంటే, పూడుస్తానని నిచ్చెన ఎక్కి, ఊరికే చెయ్యి ఆడించి దిగాడు. దొంగబుద్ధి కాదంటారా? దొంగబుద్ధే. కాకపోతే ఆయన దొంగిలించింది ఇంత టీ, ఇన్ని మాటలు.

వారం తిరక్కుండానే ఉడత ఇల్లు చేరింది. భారతమ్మ మళ్ళీ కబురుపెట్టింది. మళ్ళీ పీట, మళ్ళీ టీ, మళ్ళీ మామిడితోట. రెండు నెలల్లో నాలుగుసార్లు అదే ఉడత అదే బోనులో పడింది. దానికీ కొబ్బరి రుచి తెలిసిపోయిందేమో మరి! భారతమ్మకు కళ్ళల్లో శుక్లాలు, పైగా బోనులో కొట్టుకునే ప్రాణిని చూడలేక మొహం తిప్పుకునేది. అందుకే తోక సంగతి ఆమెకు తెలియలేదు. ఇన్ని ఉడతలు ఎక్కడినుంచి వస్తున్నాయా అని ఆలోచించి, అటకమీది చిన్న కిటికీలోంచే అనుకుంది. దాన్ని ఎప్పుడూ మూసి ఉంచమని ముత్తక్కకు గట్టిగా చెప్పింది.

నాలుగోసారి టీ తాగుతున్నప్పుడు భారతమ్మ ఎవరితోనూ అనని సంగతి ఒకటి చెప్పింది. వాళ్ళు వచ్చిన కొత్తలో ఒక కొడుకు ఉండేవాడు. నాలుగో ఏట మన్యం జ్వరం తగిలింది. ఎడ్లబండిమీద దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. వాడికోసం వాళ్ళమ్మమ్మ పాతచీరలు కలిపి, దూది పెట్టి కుట్టిన బొంత ఒకటి ఉంది. అటకమీద చెక్కపెట్టెలో దాచింది. ఏటా ఒకసారి తీసి ఎండలో వేసి మళ్ళీ పెట్టేది. దాన్ని తనతోపాటు కాల్చమని ముత్తక్కకు చెప్పిపెట్టానంది. మంగయ్య గ్లాసు అడుగున మిగిలిన టీని చూస్తూ కూర్చున్నాడు. ఇంత పెద్ద సంగతి తనకు చెప్పిందే అని లోలోపల పొంగిపోయాడు కూడా.

ఐదోసారి కబురు మాఘమాసంలో వచ్చింది. ఆ పొద్దు బోనులో పడిన సగంతోకది ఎప్పటిలా ఊరుకోలేదు. జాలీకి మూతి రాసుకుని నెత్తురు కార్చుకుంటూ ఒకటే కూత. మంగయ్య వంగి చూస్తే పొట్టకింద రొమ్ములు నిండుగా ఉన్నాయి. ఆయన గబగబా అటకెక్కాడు. చెక్కపెట్టె మూల కొరికి చెయ్యిపట్టేంత బొక్క చేసి ఉంది. మూత ఎత్తాడు. బొంత పీలికలు పీలికలై, దూది రేగి, దాని మధ్యలో కళ్ళు తెరవని మూడు ఉడతపిల్లలు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి.

దాచడానికి లేదు. కింద భారతమ్మ నిచ్చెన పట్టుకుని ఏమైందని అడుగుతోంది. ఆయన ఒక పీలిక తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ అంచు. ఆమె దాన్ని తడిమి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ముత్తక్కను పిలిచింది.

"మంగయ్య నాలుగు ఉడతల్ని ఏరు దాటించాడు. ఆ కిటికీ నువ్వు తెరిచిపెట్టకపోతే ఇది ఎక్కడినుంచి వచ్చింది? రేపట్నించి నువ్వు రావద్దు."

ముత్తక్క పిల్లలమీద ఒట్టు పెట్టుకుంది. తాను ఆ కిటికీ ముట్టనే లేదని కాళ్ళమీద పడబోయింది. భారతమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. మొగుడు మంచంలో ఉన్న ముత్తక్కకు ఆ ఇల్లే ఆధారమని మంగయ్యకు తెలుసు. తాను నోరు మూసుకుంటే చాలు, పీట తనకు ఉంటుంది. ఊరంతట్లో తనను మనిషిగా చూసిన చోటు అదొక్కటే. ఒక్క క్షణం నోరు మూసుకునే ఉన్నాడు. ఆ ఒక్క క్షణం కూడా ఆయనను చాలాకాలం తినేసింది.

"అమ్మా, ముత్తక్కనేం అనకు. ఉడత ఒక్కటే. నాలుగుమాట్లు దాన్నే పట్టిన. ఏరు దాటియ్యలే, మామిడితోటల ఇడిసిన. పెంకుసందు సుత నేను మూయలే."

"ఎందుకు?"

"నువ్వు కూసోబెట్టి మాట్లాడుతవని."

భారతమ్మ చాలాసేపు ఆయన వైపు చూసింది. సరిగ్గా కనపడదు గదా, మొహం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు చూసింది. తను కళ్ళకద్దుకున్న నీళ్ళు ఎక్కడివని మెల్లగా అడిగింది. మిల్లు బోరింగువని చెప్పాడు.

"ఉడత లేకుండా వచ్చినా కూర్చోబెట్టేదాన్ని కదయ్యా," అంది.

తిట్టినా బాగుండేది. చెంబు పెట్టి కొట్టినా పడేవాడు. ఈ మాట మాత్రం తిన్నగా లోపలికి దిగింది. అడిగితే దొరికేదాన్ని దొంగిలించానే అని మంగయ్య అక్కడే చతికిలబడ్డాడు. భారతమ్మ ఇక ఆయనతో మాట్లాడలేదు. తల్లి ఉడతను వదిలెయ్యమని, పిల్లలు వాటంతటవి పోయేదాకా అటక ఎవరూ ఎక్కవద్దని ముత్తక్కకే చెప్పింది. చేతిలోని పీలికను కూడా ఆమెకే ఇచ్చి, చలికాలం గదా, వాటిదగ్గరే పెట్టి రమ్మంది. రేపు ఎప్పట్లాగే పనికి రమ్మంది. మంగయ్య బోను తలుపెత్తాడు. ఉడత నేరుగా చూరెక్కి లోపలికి పోయింది.

ఆ తర్వాత వేరే ఇళ్ళవాళ్ళు పిలిస్తే వెళ్ళేవాడు. ప్రతి ఉడతనూ బ్రిడ్జి దాటించి, అవతలి ఒడ్డున నీళ్ళు ముంచుకుని వచ్చేవాడు. భారతమ్మ అన్న మాట మాత్రం ఆయనను వదల్లేదు. కొన్ని రోజులు అది రమ్మన్నట్టు వినపడేది. కొన్ని రోజులు ఇక రావద్దన్నట్టు వినపడేది. బియ్యం కడుగుతూ అదే, సైకిలు తొక్కుతూ అదే. రెండున్నర నెలలు ఇలా కొట్టుకుని, చైత్రంలో ఒకనాడు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. బోను తీసుకోలేదు. అడిగితే ఊరికే వచ్చిన అని చెబుదామనుకున్నాడు. తప్పయిందమ్మా, ఊరికే వచ్చిన. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ పోయాడు.

గేటు తీశాడు. ఉత్త చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముత్తక్క బావి దగ్గర అంట్లు తోముతోంది. ఆయనను చూసి చేతులాపింది. గేటు చప్పుడుకు లోపలినుంచి భారతమ్మ, ఎవరే వచ్చింది అని అడిగింది.

"ఎవలు లేరమ్మా, మంగయ్యన్న."

మంగయ్య అరుగువైపు రెండడుగులు వేసి ఆగాడు.

"ఉడతలు వెళ్ళిపోయాయని చెప్పు," అంది భారతమ్మ.

ముత్తక్క చెప్పలేదు. తల వంచుకుని గిన్నె తోముతూ ఉండిపోయింది. మంచిదమ్మా అన్నాడు మంగయ్య. ఆ మాట లోపలిదాకా వినపడి ఉండదు. గేటు గొళ్ళెం పెట్టి సైకిలెక్కాడు.